కునికిపాట్ల డ్రమ్మర్

తాతకిచ్చిన బహుమానం బెడిసికొట్టిందని మొదటి పాట సగంలో ఉండగానే కసుబకి తెలిసిపోయింది.

చోంబా తాత ఇయర్‌ఫోన్లు చెవుల్లోంచి తీసి, వైరు నీటుగా చుట్టి, ఫోను మీద పెట్టి, ఆ మొత్తాన్నీ బల్ల చివరికి జరిపాడు. చచ్చిన బల్లిని జరిపినట్టు. తర్వాత పళ్ళెం దగ్గరికి లాక్కుని, మొక్కజొన్నపిండి న్షిమాని ముద్ద చేసుకుని, కపెంటా చేపల కూరలో అద్దుకుని నోట్లో పెట్టుకున్నాడు.

"బాగుందా తాతా?"

"ఉప్పు సరిపోయింది."

"కూర సంగతి కాదు. పాట."

"ఆ పాట నాకు కొత్తా ఏంటి?"

కొత్తేం కాదు. అది ఆయన పాటే. కసుబ పుట్టకముందు, వాళ్ళమ్మ కూడా పుట్టకముందు, కిట్వేలో గనికార్మికుల కొడుకులు అయిదుగురు ఫర్నెస్ బాయ్స్ అని ఒక బ్యాండు పెట్టారు. ఆ రోజుల్లో రాగి గనులున్న ఆ రాగి బెల్టు ప్రాంతంలో ప్రతి కాలనీకీ ఒక బ్యాండు ఉండేది. బెల్‌బాటం ప్యాంట్లు, అరువు తెచ్చిన యాంప్లిఫయర్లు, జలుబు చేసినట్టు బొంగురుగా అరిచే గిటార్లు. వాటిలో చాలా బ్యాండ్లు ఒక్క రికార్డు కూడా చెయ్యకుండానే ఉద్యోగాల్లోకి, పెళ్ళిళ్ళలోకి జారిపోయాయి. ఫర్నెస్ బాయ్స్ మాత్రం ఒకటి చేశారు. పేరు 'నాలుగో కొలిమి'. అందులో డ్రమ్స్ చోంబా తాతవి.

కసుబ ఉద్యోగం ఫోను యాప్‌లలో తప్పులు వెతకడం. లుసాకాలో ఉన్న కంపెనీకి, చిమ్వెమ్వె కాలనీలో తాత ఇంటి ముందుగదిలో కూచుని, కరెంటు ఉన్నప్పుడల్లా వెతికి పెడుతుంది. తప్పులు వెతికేవాళ్ళకి ఎవరూ థ్యాంక్స్ చెప్పరు గనక, ఈసారి థ్యాంక్స్ వచ్చే పని ఒకటి చేద్దామనుకుంది. అమ్మ పెట్టెలో దొరికిన పాత క్యాసెట్టుని కంప్యూటర్లోకి ఎక్కించి, ఖాళీ దొరికినప్పుడల్లా కూచుని అందులోని గరగరంతా తోమి, తళతళలాడించి తాత చేతిలో పెట్టింది. తాత ఉప్పు గురించి మాట్లాడుతున్నాడు.

ఇక మిగిలిన ముక్క కూడా చెప్పెయ్యడమే మంచిదనుకుంది.

"ఆదివారం రేడియోలో వేస్తున్నారు తాతా. 'పాత రాగి' ప్రోగ్రాంలో. ఒకటీ అరా కాదు, ఆల్బమ్ మొత్తం."

తాత చెయ్యి పళ్ళెంలోనే ఆగిపోయింది. "వాళ్ళకెవరిచ్చారు?"

"నేనే. లొంబే అని, నాతో కాలేజీలో చదివింది, ఇప్పుడక్కడ చేస్తోంది. పాత పాటలు ఎవరి దగ్గరన్నా ఉంటే పంపమంది."

"ఆదివారం నేను ఊళ్ళో ఉండను. మ్పొంగ్వె పోతాను, మా చెల్లెలి దగ్గరికి."

"మీకూ ఆవిడకీ మాటల్లేవుగా."

"ఆదివారానికి కలిపేసుకుంటాం."

తాత చెయ్యి కడుక్కుని వరండాలోకి వెళ్ళి కూచున్నాడు. కసుబ కూడా వెళ్ళి పక్కన కూచుంది. ఆవిడ పట్టు వదలదని తాతకి తెలుసు. అది ఆయన దగ్గర్నించి వచ్చిన గుణమే. కాసేపు రోడ్డు మీద పోయే మినీబస్సులని చూసి, చివరికి ఆయనే మొదలుపెట్టాడు.

"నన్ను ఈ కాలనీలో ఏమని పిలుస్తారో నీకు తెలుసా?"

కసుబకి తెలుసు. చెప్పలేదు.

"కునికిపాట్ల చోంబా," అన్నాడు తాత. "పర్లేదు, చెప్పొచ్చు. అందరూ అంటారు. పేరు కొలిమి అని పెట్టారు, కుంపటి పాటి సెగ కూడా లేదు, డ్రమ్మరు నిద్రపోయాడు, అని. నిజమేగా. నువ్వు విన్నావుగా."

కసుబ విన్నది. నిజానికి చిన్నప్పట్నించీ వింటూనే ఉంది. ఆ ఆల్బమ్‌లో పాటలన్నీ బరువుగా, ఈడుస్తూ, వానలో తడిసిన గోనెసంచి మోస్తున్నట్టు నడుస్తాయి. చివరి పాటయితే జీతాలరోజు కొత్త బూట్లు కొనుక్కుని డాన్సుకి పోయే కుర్రాడి గురించి. దాన్ని చిమ్వెమ్వెలో చావులకి వేస్తారు. కొత్త బూట్లేసుకుని వెళ్ళిపోతున్నాను అనే ముక్క రాగానే ఆడవాళ్ళు కళ్ళొత్తుకుంటారు. కసుబకి అది గొప్ప ఆల్బమే అనిపించేది, కాకపోతే పెద్దవాళ్ళని గౌరవించినట్టు గౌరవించేది. ఇష్టంగా పెట్టుకుని విన్నది లేదు.

"స్టూడియోలో వాయిస్తున్నప్పుడు గాల్లో తేలిపోతున్నట్టు ఉండింది," అన్నాడు తాత. "చొక్కాలు పిండుకున్నాం. చివరి పాట అయ్యేసరికి మా పాటగాడు కపెంబ్వ కింద పడుకుని నవ్వుతున్నాడు. రికార్డులు నైరోబీలో అచ్చేశారు. వచ్చేసరికి ఏడాది పట్టింది. ఒక్క పెట్టె వచ్చింది, అందులో ఒకటి రెండు తప్ప అన్నీ ఎండకి అప్పడాల్లా వంకరపోయాయి. మాలో ఎవడింట్లోనూ రికార్డు ప్లేయరు లేదు. జెబ్రోన్ జెరె దగ్గరుంది. అయిదుగురం స్నానాలు చేసి, తలదువ్వుకుని, పెళ్ళిచూపులకెళ్ళినట్టు వాడింటికి వెళ్ళాం."

తాత మోకాలి మీద అరచెయ్యి పెట్టుకుని దానివైపే చూశాడు.

"సూది పెట్టాడు. పాట మొదలైంది. నలుగురూ తిరిగి నావైపు చూశారు."

"ఏమన్నారు?"

"అంటే బాగుండేది. ఎవడూ ఏమీ అనలేదు. డ్రమ్మరేగా బండికి ఎద్దు. అది ఈడిస్తే మిగతావన్నీ ఈడుస్తాయి. బహుశా ఆ రోజు నేను బీరు తాగుంటాను. వాయించేటప్పుడు మనకేమనిపిస్తుందో అదంతా అబద్ధం అమ్మాయ్. రికార్డు అబద్ధం చెప్పదు. ఆర్నెల్లు లాగాను. ఎక్కడికెళ్ళినా ముందు నా వంక చూసి నవ్వేవాళ్ళు. డ్రమ్స్ అమ్మేసి గనిలోకి దిగిపోయాను. అక్కడ డ్రిల్లు పట్టుకుంటే అది చెప్పిన వేగంలోనే వణకాలి, మనిషితో పని లేదు."

కసుబ ఫోను తీసింది. ఆదివారం ఊరందరికీ ఆయన నిద్రని మళ్ళీ ఒకసారి వినిపించడానికి తనే ఏర్పాట్లు చేసింది, అదీ గరగర లేకుండా. లొంబేని ఆపమని మెసేజి పెట్టింది. ప్రోగ్రాం పేరుతో సహా ప్రకటించేశామే, ఇప్పుడెలా, అని ఏడుపు బొమ్మ వచ్చింది.

క్యాసెట్టు అరిగిపోయి డ్రమ్స్ మెత్తబడ్డాయేమో, అసలు రికార్డు దొరికితే కాస్త పదునుగా వినపడతాయేమో. అంతకంటే గొప్ప ఆలోచనేం రాలేదు. రికార్డు ఎవరి దగ్గరుందో మాత్రం ఇంట్లో అందరికీ తెలుసు.

*

మర్నాడు పొద్దున్న కసుబ జెరె తాత గేటు తీస్తుంటే వరండాలోంచి గొంతు వినిపించింది.

"ఎవరూ? ఉన్నట్టుండి కోతి మాంసం వాసనేస్తోంది."

"ఎలకల వేపుడు వాసన దాటుకుని అది మీ దాకా ఎలా వచ్చింది తాతా?"

జెరె సంతోషంగా కుర్చీ జరిపాడు. ఆయన అంగోని, వీళ్ళు బెంబా. పాతకాలంలో ఈ రెండు జాతులూ బాగా కొట్టుకున్నాయి గనక ఇప్పుడు వరస కలిసింది. బావా బావమరదుల వరస, ఒక ఇంటికీ ఇంకో ఇంటికీ కాకుండా మొత్తం జాతికీ జాతికీ. ఎదురుపడితే తిట్టుకోవాలి, వాళ్ళు వీళ్ళని కోతులు తినేవాళ్ళనీ, వీళ్ళు వాళ్ళని ఎలకలు తినేవాళ్ళనీ. కోపం తెచ్చుకోకూడదు. అడిగింది ఇవ్వాలి, ఇచ్చింది తిరిగి అడగకూడదు. చావింట్లో కూడా ఈ వరస వాళ్ళు వచ్చి నవ్వించకపోతే చావు చావులా ఉండదు.

"మీ తాత బతికే ఉన్నాడా, నిద్దర్లోనే పోయాడా? తేడా తెలిసి చావదు."

"బతికే ఉన్నాడు. మీరు వాళ్ళ నాన్న సమాధి గుంటలో పడుకుని కొట్టేసిన రికార్డు తెమ్మన్నాడు."

ఇది అబద్ధం. తాత ఏమీ తెమ్మనలేదు.

"కొట్టేసిందా? ఒళ్ళొంచి సంపాదించింది," అన్నాడు జెరె. "గుంటలో పడుకున్నాను. ఏదో ఒకటి ఇస్తేగానీ లేవనన్నాను. పైనించి మట్టి వేస్తామని బెదిరించారు. వెయ్యండన్నాను. చివరికి మీ తాత ఇంటికెళ్ళి అది తెచ్చిచ్చాడు. వదిలించుకోడానికి ఇచ్చాడులే, నాకు తెలుసు. అయినా ఇచ్చిందిచ్చిందే."

"వినొచ్చుగా కనీసం?"

వినొచ్చు. జెరె మంచం కిందనించి ఒక ట్రంకుపెట్టె, అందులోంచి ఒక చితెంగె గుడ్డ, గుడ్డలోంచి ఒక ప్లాస్టిక్ సంచి, సంచిలోంచి 'నాలుగో కొలిమి' తీశాడు. అట్ట మీద అయిదుగురు కుర్రాళ్ళు రాగిచిట్టెం గుట్ట ముందు నిలబడి, ప్రపంచం తమకి బాకీ ఉన్నట్టు చూస్తున్నారు. మధ్యలో ఉన్న పొట్టివాడు తాత. కసుబ ఆ మొహంలోని పొగరు వంక రెండోసారి చూసింది. ఆ పొగరుని ఇంట్లో ఆవిడ ఎప్పుడూ చూడలేదు.

"నా పెళ్ళాన్ని కూడా ముట్టుకోనివ్వలేదు," అన్నాడు జెరె. "మూడొందల క్యాసెట్లు ఎక్కించానేమో దీన్నించి. ఈ కాలనీలో నువ్వు చూసే ప్రతి క్యాసెట్టూ ఇక్కడ పుట్టిందే."

ప్లేయరు గది మూల బల్ల మీద ఉంది, సింహాసనంలా. గనిలో పనిచేసిన అమెరికా ఇంజనీరు ఊరెళ్ళిపోతూ ఇచ్చిపోయాడట. పక్కనే ఇటుకంత ట్రాన్స్‌ఫార్మరు గుర్రుమంటోంది. జెరె ముంజేతితో దుమ్ము తుడిచి సూది దించాడు.

గరగర లేదు. ప్రతిదీ తేటగా ఉంది. తేటగా, బరువుగా, ఈడుస్తూ.

"కునికిపాట్లే," అన్నాడు జెరె, కొంచెం జాలిగానే.

కసుబ వదల్లేదు. ఆదివారం దాకా రికార్డు ఇమ్మంది. జెరె చాలాసేపు ఆలోచించి షరతు పెట్టాడు. గేటు దగ్గర నిలబడి, వీధిలో వాళ్ళందరికీ వినపడేలా, యుద్ధంలో అంగోనీలే గెలిచారని చెప్పాలి.

కసుబ వెళ్ళి గేటు దగ్గర నిలబడింది. టమాటాలమ్మే ఆవిడ, ఇద్దరు మినీబస్సు కండక్టర్లు, ఎదురింటి పాస్టరుగారు చూస్తున్నారు.

"యుద్ధంలో అంగోనీలే గెలిచారు," అంది గట్టిగా. "ఎలకల మీద."

పాస్టరుగారు దగ్గు వచ్చినట్టు నటించారు. జెరె తల అడ్డంగా ఊపి, రికార్డుని తనే సంచిలో పెట్టి, గుడ్డలో చుట్టి చేతికిచ్చాడు. "గీత పడిందో, నీ పెళ్ళికొచ్చి మంచం మీద పడుకుంటాను, లేవను."

*

కసుబ దగ్గరున్న ప్లేయరు అట్టపెట్టంత చిన్నది. లాప్‌టాపుకి తగిలిస్తే దానిమీదే నడుస్తుంది. రికార్డు పెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించుకుని, సూది దించింది.

వెంటనే తీసేసింది. వేగం మీట తప్పు పెట్టినట్టున్నాను అనుకుంది. చూసుకుంటే సరిగ్గానే ఉంది, ముప్ఫైమూడు దగ్గరే. మళ్ళీ దించింది. మళ్ళీ అదే. పాట తరుముకుంటూ పోతోంది, పాడేది ఎవరో కుర్రాడు.

బాగా చవకలో కొన్నాను, పాడైపోయుంటుంది, అనుకుంది. ఉద్యోగం నేర్పిన బుద్ధి ఒకటుంది: తప్పు తనదో కాదో తెలియాలంటే ఇంకోదానితో పెట్టి చూడాలి. అమ్మ వినే చర్చి కోరస్ రికార్డు పెట్టింది. అది ఆదివారాలు చర్చిలో పాడే వేగంలోనే, పాడే స్థాయిలోనే వచ్చింది. అప్పుడు రికార్డు అంచుకి చిన్న కాగితం ముక్క అంటించి, ఫోనుతో వీడియో తీసి, ఎన్నిసార్లు తిరిగిందో చూసింది. ప్లేయరు తప్పు చెయ్యడం లేదు.

కసుబ కుర్చీలో వెనక్కి వాలి, సూదిని మళ్ళీ మొదటికి పెట్టి, ఈసారి ఏమీ వెతక్కుండా వింది.

మొదటి పాట గని సైరనుతో మొదలవుతుంది, గిటారుతో చేసిన సైరను. క్యాసెట్టులో అది ఆవు అరిచినట్టు ఉండేది. ఇందులో ఒళ్ళు జలదరించేలా లేస్తోంది. దాని వెనకాల డ్రమ్స్ వచ్చాయి. రావడం కాదు, తలుపు తన్నుకుని లోపలికి పడ్డాయి. మెట్లమీంచి పరిగెత్తుకొస్తున్నవాడు ఒక్క మెట్టు కూడా తప్పకుండా, మధ్యలో చిందులేస్తూ దిగినట్టు. బేస్ గిటారు దాన్ని పట్టుకోడానికి నానా తంటాలూ పడుతోంది. రెండో పాటలో గని లిఫ్టు కిందికి జారుతోంది, చీకట్లోకి, అందులో ఉన్నవాళ్ళు భయం పోవడానికి జోకులేసుకుంటున్నారు. అది జోకుల పాట అని కసుబకి ఇప్పుడే తెలిసింది. ఇన్నేళ్ళూ అది గనిలో చచ్చిపోయినవాళ్ళ పాట అనుకుంది.

ఒక వైపు అయిపోయింది. తిప్పి రెండోవైపు వేసింది. మొదటి పాట వినగానే ఏడో పాటకి దూకే అలవాటున్న మనిషి, మధ్యలో ఒక్కసారి కూడా ఫోను చూడలేదు. కొత్త బూట్ల కుర్రాడు ఎగురుకుంటూ డాన్సుకి వెళ్ళిపోయేసరికి, కసుబ తన కుర్చీని గది ఈ చివర్నించి ఆ చివరి దాకా ఊపుకుంటూ వెళ్ళిపోయిన సంగతి గమనించింది.

రికార్డు అబద్ధం చెప్పలేదు. చెప్పిందెవరో ఆవిడకి తెలిసినట్టే ఉంది.

*

"మళ్ళీ వచ్చావేం? గీత పడిందా?" అన్నాడు జెరె.

"మీ ప్లేయరు ఒకసారి తలకిందులు చెయ్యాలి తాతా."

"నన్ను చెయ్యి, దాన్ని ముట్టుకోకు."

ఇద్దరూ కలిసి తిప్పారు. అడుగున ఇత్తడి రేకు మీద కంపెనీ పేరు, వోల్టులు, పక్కనే చిన్న అక్షరాల్లో అరవై అని ఉంది.

"నూటపది వోల్టులది, నాకు తెలుసు," అన్నాడు జెరె. "అందుకేగా ట్రాన్స్‌ఫార్మరు. గని ఎలక్ట్రీషియనే పెట్టిచ్చాడు."

"అది కరెంటు ఒత్తిడి తగ్గిస్తుంది. కరెంటుకి తాళం కూడా ఒకటి ఉంటుంది తాతా. అమెరికాలో సెకనుకి అరవై కొడుతుంది. మన దగ్గర యాభై. ఆ తాళం పట్టుకునే ఈ మోటారు తిరుగుతుంది. ట్రాన్స్‌ఫార్మరు దాన్ని మార్చలేదు."

జెరె అర్థం కానట్టు చూశాడు.

"ఈ మిషనుకి కరెంటే డ్రమ్మరు," అంది కసుబ. "అరవై కొట్టేవాడికి అలవాటుపడొచ్చింది. ఇక్కడ యాభై కొట్టేవాడు దొరికాడు. దాంతో ఏ రికార్డు పెట్టినా నెమ్మదిగా, కిందిస్థాయిలో పాడింది."

"అయితే నిద్రపోయిన డ్రమ్మరు..."

"ఆ గోడలో ఉన్నాడు," అంటూ ప్లగ్గు చూపించింది.

జెరె గోడవైపు చూశాడు. "నా దగ్గరున్న మిగతా రికార్డుల్లో పాటలే రేడియోలో గబగబా వచ్చేవి," అన్నాడు నెమ్మదిగా. "ప్రకటనలు ఎక్కువ పట్టించడానికి పరిగెత్తిస్తున్నారు వెధవలు, అనుకునేవాణ్ణి. అట్టల మీద కౌబాయ్ టోపీలు పెట్టుకున్న ఆ పాటగాళ్ళందరూ, గొంతు విని, ముసలాళ్ళనుకున్నాను." మంచం మీద కూచున్నాడు. "మూడొందల క్యాసెట్లు. ప్రతిదాన్నీ నేనే ఎక్కించి, నేనే అమ్మి, అమ్మిన ప్రతివాడికీ డ్రమ్మరు నిద్రపోయాడని నేనే చెప్పాను. నవ్వించడానికి."

కసుబ ప్లేయర్ని మళ్ళీ సరిగ్గా తిప్పి బల్ల మీద పెట్టింది.

"పద," అన్నాడు జెరె లేస్తూ. "మీ తాత దగ్గరికి."

*

చోంబా తాత వరండాలో చిన్న సంచి సర్దుకుంటున్నాడు, మ్పొంగ్వె ప్రయాణానికి. గేటు తీసుకుని జెరె లోపలికి రావడం చూసి తిట్టుకోసం ఎదురుచూశాడు. తిట్టు రాలేదు. జెరె టోపీ తీసి చేత్తో పట్టుకుని మెట్ల దగ్గర నిలబడ్డాడు.

తాత మొహం మారిపోయింది. "ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదు బావా."

"మరి మర్యాదగా ఉన్నావే?"

"కూచో. పిల్ల ఏదో వినిపిస్తుందట."

కసుబ ప్లేయరు బల్ల మీద పెట్టి, స్పీకరు తగిలించింది. నా నిద్రని ఇంకా శుభ్రం చేసి తెచ్చావా, అన్నాడు తాత. సూది దించింది.

సైరను లేచింది. డ్రమ్స్ వచ్చి పడ్డాయి. తాత వేళ్ళు సంచి పట్టీ మీద బిగుసుకున్నాయి. ఇప్పుడు తన డ్రమ్స్ గురించి అడుగుతాడు అనుకుంది కసుబ. అడగలేదు. పాట మొదలై, గొంతు వచ్చేదాకా కదలకుండా ఉండి, గొంతు రాగానే నోటిమీద చెయ్యి పెట్టుకున్నాడు.

"కపెంబ్వ," అన్నాడు. "వాడే. ఇదీ వాడి గొంతు."

స్పీకర్లో కపెంబ్వ పాడుతున్నాడు, సన్నగా, తేలిగ్గా, ప్రతి మాట చివరా కొంచెం నవ్వు తగిలించి. కపెంబ్వ పోయి ఇరవై ఏళ్ళు దాటింది.

"నేను మర్చిపోయాను అమ్మాయ్," అన్నాడు తాత. "ఆ క్యాసెట్టు విని విని, వాడి గొంతు అలా లావుగా ఉండేదనే అనుకుంటున్నాను. వాడు కూడా అదే నమ్మాడు. రికార్డులో నా గొంతు మగాడిలా ఉందిరా అని మురిసిపోయి, తర్వాత చచ్చేదాకా ఆ లావు కోసం గొంతు నొక్కుకుని పాడాడు. ఫేబియన్ ఏమో క్యాసెట్టుతో కలిపి వాయిస్తే కలవడం లేదని తీగలన్నీ వదులు చేసుకుని, గిటారుని తిట్టుకునేవాడు." నవ్వు వచ్చింది, మధ్యలోనే ఆగింది. "ఏం చేశావు దీన్ని?"

"ఏం చెయ్యలేదు తాతా. మీరు వాయించిన వేగంలో పెట్టాను, అంతే." కరెంటు తాళం గురించి రెండు ముక్కల్లో చెప్పింది. తాత సగం విన్నాడు, మిగతా సగం చెవి పాట దగ్గరే ఉంది.

"ఎస్నాట్‌కి ఫోన్ చెయ్యి," అన్నాడు. ఎస్నాట్ కపెంబ్వ భార్య, న్డోలాలో కూతురి దగ్గర ఉంటుంది. కసుబ నంబరు కలిపి ఫోను స్పీకరు పక్కన పెట్టింది. తాత ఏమీ చెప్పలేదు, పలకరించలేదు కూడా. పాట మొత్తం అటువైపు వినపడనిచ్చాడు. అయిపోయాక ఫోన్లోంచి ఊపిరి చప్పుడు వచ్చింది, తర్వాత గొంతు.

"ఎవరు ఫోను చేసింది? చోంబా అన్నయ్యేనా?"

"నేనే తల్లీ."

"నేను పెళ్ళి చేసుకున్నది ఈ మనిషిని," అంది ఎస్నాట్. "ఆ క్యాసెట్టులో పాడే ఆయనెవరో నాకెప్పుడూ అర్థం కాలేదు అన్నయ్యా. అందరూ మెచ్చుకుంటున్నారు కదాని ఊరుకున్నాను. ఇంకోటి వెయ్యి."

వేశారు. ఫోను అలాగే ఉంచి, రెండో పాట, మూడో పాట. మూడో పాటలో తాత అరచేతులు మోకాళ్ళ మీద కదలడం మొదలైంది. ముందు వేళ్ళ చివర్లు, తర్వాత మణికట్లు. మడమ వరండా నేలమీద బేస్ డ్రమ్ తొక్కుతోంది. తనకంటే ముందే పరిగెత్తుతున్న ఇరవై రెండేళ్ళ కుర్రాణ్ణి అందుకోలేక, ఆగి, ఊపిరి పీల్చుకుని, మళ్ళీ అందుకుంటున్నాడు. మొహంలో పొగరు కనిపించింది. జెరె టోపీని నలుపుతూ అదంతా చూశాడు.

రెండోవైపు తిప్పడానికి కసుబ లేచినప్పుడు జెరె గొంతు సవరించుకున్నాడు.

"బావా. నేను నిన్ను..."

"నోర్ముయ్," అన్నాడు తాత.

"లేదు, ఇది చెప్పాలి. ఇన్నేళ్ళు నేను..."

"వరస తప్పుతున్నావు. అంగోని వాడివి, బెంబా వాడికి క్షమాపణ చెప్తావా? మీ వాళ్ళు సమాధుల్లోంచి లేచొస్తారు." తాత రెండు అరచేతులూ దోసిలిగా కలిపి, పెద్దవాళ్ళకి కృతజ్ఞత చెప్పేటప్పుడు కొట్టినట్టు, మెత్తగా, ఆగి ఆగి చప్పట్లు కొట్టాడు. జెరె కళ్ళు పెద్దవి చేసి చూశాడు. "ఆరోజు గుంటలో పడుకుని నువ్వు అడక్కపోతే ఈ రికార్డుని నేనే విరగ్గొట్టేసేవాణ్ణి. రెండుసార్లు చేతిలోకి తీసుకున్నాను కూడా. నీ మంచం కింద పెట్టి, నీ పెళ్ళాన్ని కూడా ముట్టుకోనివ్వకుండా దాచావు. కపెంబ్వని దాచావు. ఫేబియన్ని దాచావు. నన్ను దాచావు. అందుకని."

జెరె టోపీ పెట్టుకున్నాడు, తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. చివరికి తనకి బాగా తెలిసిన దారిలోకి వచ్చేశాడు.

"అయినా ఒకటి అడగాలి. రెండో పాట, లిఫ్టు పాట. చివర్లో ఒక దెబ్బ తప్పావు."

"ఎక్కడ?" అంది ఫోన్లోంచి ఎస్నాట్.

"మళ్ళీ వెయ్యి," అన్నాడు తాత కసుబతో.

వేసింది. లిఫ్టు జారుతోంది, జోకులు పేలుతున్నాయి, డ్రమ్స్ చివరి మలుపు తిరుగుతూ ఒక్కచోట, కనురెప్పపాటు, కాలు జారి, వెంటనే నిలదొక్కుకున్నాయి. నెమ్మదిగా తిరిగే మిషను మీద ఆ జారుడు ఈడుపులో కలిసిపోయి ఎవరికీ వినపడలేదు.

"తప్పాను," అన్నాడు తాత. మొహం వెలిగిపోతోంది. "ఆరోజే తెలుసు నాకు. అక్కడ కపెంబ్వ నా వంక చూసి వెక్కిరించాడు, నవ్వొచ్చి కర్ర జారింది. మళ్ళీ వాయిద్దామన్నాను, టేపు అయిపోయింది, కుదరదన్నారు. రికార్డు వచ్చాక దానికోసమే వెతికాను. దొరకలేదు. అంత ముచ్చటైన తప్పు."

"అది సరిచెయ్యొచ్చు తాతా," అంది కసుబ. "ఆ పక్క దెబ్బని తీసి ఇక్కడ అతికిస్తే తెలీదు. ఎంతోసేపు పట్టదు. లొంబేకి పంపేలోపు చేసేస్తాను."

"ముట్టుకున్నావంటే చెయ్యి విరుస్తాను," అన్నాడు తాత. "ఉన్నది ఉన్నట్టు పంపు. ఊరంతా వినాలి."

సంచి తీసి లోపల పడేసి వచ్చాడు. కసుబని రెండోవైపు వెయ్యమన్నాడు. జెరెని మాత్రం, ఆ టోపీ తీసి నేలమీద కాస్త జాగా ఇవ్వరా ఎలకల బావా, కాలు ఆడించుకోవాలి, అన్నాడు.